వీరన్న బాబాయి మైల

గురువారం సాయంత్రం రాధారాణి ఫోన్ చేసే సమయానికి నమ్రత చేతిలో అట్లకాడ ఉంది. ఈ సంగతి ముందే చెప్పుకోవడం మంచిది. తర్వాత పనికొస్తుంది.

"ఎంత పనైందే నమ్రతా! వీరన్న బాబాయిగారు పోయారటగా. నాకొక్క మాట చెప్పలేదేంటే?"

నమ్రతకి పెళ్లయి ఆరేళ్లు. మొగుడి తరఫు బాబాయిలు ముగ్గురు. ముగ్గురూ ఆ పొద్దున కూడా ఫ్యామిలీ గ్రూప్‌లో గులాబీపువ్వు బొమ్మతో గుడ్ మార్నింగ్ పెట్టారు. వాళ్లలో వీరన్న లేడు.

"ఎవరు చెప్పారు?"

"మీ శశి మా ఆయనకి మెసేజ్ పెట్టాడు. మైల కదా, శనివారం గృహప్రవేశానికి రాలేనని. నువ్వేం మనసు పాడు చేసుకోకే. పాలు పొంగించడానికి అంకితని అడిగాలే. మైలలో నువ్వు గడప కూడా తొక్కకూడదన్నారు పంతులుగారు."

దోసె మాడింది.

రాధారాణి భర్త కేశవరావుకి అక్కచెల్లెళ్లు లేరు. కొత్తింట్లో పాలు పొంగించాల్సింది ఆడపడుచు. స్నేహితురాలని ఆ హోదా నమ్రతకిచ్చారు. అమెరికాలో, ఈ మోరిస్‌విల్ అంతా గాలించి ఇత్తడి గిన్నె సంపాదించింది నమ్రత. జాకెట్ కుట్టే ఆవిడ చుట్టూ నాలుగుసార్లు తిరిగింది. ఆ ఇంటికి టైల్స్ దగ్గర్నుంచి తలుపు పిడుల దాకా రాధారాణితో షాపులన్నీ తిరిగింది కూడా తనే. ఇప్పుడేమో ఆ పొయ్యి అంకిత వెలిగిస్తుందట! పాలు మైక్రోవేవ్‌లో కూడా పొంగుతాయి కదా అనే అంకిత!

ఫోన్ పెట్టేసింది. స్టవ్ కట్టేసింది. అట్లకాడ మాత్రం పెట్టలేదు.

హాల్లో శశికాంత్ చెవుల్లో ఇయర్‌బడ్స్ పెట్టుకుని, గోడని చూసి పగలబడి నవ్వుతున్నాడు. నాలుగేళ్లుగా ఇదే వరస. 'నోబడీ రోట్ దిస్' అని ఒక పాడ్‌కాస్ట్. నలుగురు అమెరికన్లు స్క్రిప్ట్ లేకుండా, అప్పటికప్పుడు వేషాలు కట్టి నోటికొచ్చింది మాట్లాడుకుంటారు. అందులో డగ్ అనే అతను వెర్నన్ అంకుల్‌గా వస్తాడు. రిటైరైన లిఫ్ట్ ఇన్‌స్పెక్టర్. ప్రతి ఎపిసోడ్ చివరా చచ్చిపోతాడు. ఒకసారి బాతు తరిమి, ఒకసారి తుమ్ము ఆపుకుని. మళ్లీ మంగళవారానికి ఏమీ జరగనట్టు వచ్చేస్తాడు. శశికాంత్‌కి పెళ్లిరోజు గుర్తుండదు గానీ వెర్నన్ చచ్చిన రెండువందల పన్నెండు చావులూ వరసగా గుర్తు.

వెర్నన్. వీరన్న.

నమ్రత వెళ్లి ఒక ఇయర్‌బడ్ పీకింది.

"మీ వీరన్న బాబాయి ఎలా పోయాడు శశీ?"

"ఎ... ఎవరు?"

"ఈసారి బాతా? తుమ్మా?"

శశికాంత్ అట్లకాడ వైపు చూశాడు. అంతే, మొత్తం కక్కేశాడు. శనివారం మధ్యాహ్నం రెండింటికి అట్లాంటాలో లైవ్ షో. డగ్ స్వయంగా వస్తున్నాడు. ఆరు గంటల డ్రైవ్, పొద్దున్నే బయల్దేరాలి. నమ్రతకి ఆఫీసులో 'ప్రొడక్షన్ రిలీజ్', ఆ రోజు కదలడం కుదరదని ఎప్పుడో చెప్పి పెట్టాడు. కేశవరావు దగ్గర ఆ పప్పులు ఉడకవు, ఇద్దరిదీ ఒకే టీమ్. పైగా ఆ రోజు పంతులుగారిని కార్లో తీసుకురావాల్సింది శశికాంతే. వేరే దారిలేక బాబాయిని చంపాడు.

"మైల నాకొక్కడికే అనుకున్నా నమ్మూ. నువ్వు హ్యాపీగా వెళ్లి పాలు పొంగించుకోవచ్చు కదా అనీ..."

"నీకొక్కడికే ఉండటానికి మైలేమన్నా నీ లాప్‌టాప్ పాస్‌వర్డా? ఇంట్లో వైఫై లాంటిది. అందరికీ తగులుతుంది!"

"నాకెవరూ చెప్పలేదు."

"చెప్పడానికి నీ చెవులు ఖాళీగా ఉంటేగా!"

"రాధకి నిజం చెప్పేస్తావా?"

నమ్రతకి ఒళ్లు భగ్గుమంది. నిజం చెప్తే, కామెడీ షో కోసం తన గృహప్రవేశం ముందు చావు కబురు పంపారని రాధారాణి జన్మలో గడప తొక్కనివ్వదు. చెప్పకపోతే ఎల్లుండి తొక్కనివ్వదు. ఈ రెండిటి మధ్యా కూర్చుని ఈ మనిషి రెండో ఇయర్‌బడ్ ఇంకా తియ్యలేదు!

అదీ పీకేసింది.

"రోజూ నా బుర్ర తింటావే, మీవాళ్లకేదో మొదటి రూల్ ఉందనీ. ఏంటది?"

శశికాంత్ మొహం వెలిగింది. ఉరికంబం మీద అడిగినా ఆ ప్రశ్నకి జవాబు చెప్పకుండా ఉండలేడు. "పార్ట్‌నర్ ఏమన్నా కాదనకూడదు. ఒప్పుకోవాలి. ఒప్పుకుని దానికి మనం ఇంకోటి కలపాలి."

"గుర్తుంచుకో. కాదనకూడదు."

ఫోన్ తీసి స్పీకర్లో పెట్టింది.

"రాధా, మావాడి తెలివి చూడవే! ఆ వీరన్నగారు మా చుట్టం కాదే, వట్టి అంకుల్. ఇక్కడ కనిపించిన ప్రతివాడూ అంకులే కదా! ఏ వరసా లేనివాళ్లకి మైలేంటే? పంతులుగారిని అడుగు."

"మరి శశి బాబాయన్నాడే?"

"ఆయనంటే ప్రాణం. ఆయన గొంతు వినకుండా ఒక్క వారం ఉండేవాడు కాదు. కదా శశీ?"

"అ... అవును."

"అందుకే తనకి తనే పదకొండు రోజులు మైల పాటిస్తానని కూర్చున్నాడు. గడ్డం గీయడట. తీపి ముట్టడట. పాటల్లేవు, పాడ్‌కాస్టుల్లేవు. కదా?"

శశికాంత్ నోరు తెరిచాడు. అట్లకాడ కదిలింది.

"అవును. నేల మీదే పడుకుంటా," అన్నాడు. అలవాటు కొద్దీ ఇంకోటి కలిపేశాడు.

"విన్నావా? శనివారం ఒంటరిగా వదిలి రావాలంటే భయమేస్తోందే. కారేసుకుని ఎటైనా పోతాడేమో!"

"అయ్యో పాపం! అంజయ్యగారిని పంపిస్తాలే."

అంజయ్యగారు కొడుకు దగ్గరికి కరీంనగర్ నుంచి ఆరు నెలలకని వచ్చిన రిటైర్డ్ హెడ్మాస్టరు, పార్కులో వాకింగ్ గ్రూపుకి పెద్ద. పెళ్లికి పిలిస్తే మోకాళ్ల నొప్పులంటారు. పరామర్శకైతే పిలవక ముందే చెప్పులేసుకుంటారు.

పది నిమిషాల్లో రాధారాణి మెసేజ్ వచ్చింది. పంతులుగారు సరేనన్నారు, తీసుకురావడానికి వేరేవాళ్లు వెళ్తారు, పాలు నమ్రతవే. శశికాంత్ ఫోన్లో టికెట్ని చూసుకుంటూ ఉండిపోయాడు.

శనివారం పొద్దున ఆరింటికల్లా అంజయ్యగారు ఫ్లాస్కుతో సహా దిగారు.

అక్కడ పాలు పొంగాయి. పొంగి పొయ్యి మీద పడ్డాయి, పొగ అలారం మోగింది, పంతులుగారు మంత్రం ఆపకుండానే కండువాతో పొగ చెదరగొట్టారు. రాధారాణి చీర చేతిలో పెట్టి, వాటేసుకుని ఏడ్చింది. నమ్రత కోపం సగం దిగింది. మిగతా సగం జాగ్రత్తగా కార్లో పెట్టుకుని, బూరెల డబ్బాతో మూడున్నరకి ఇల్లు చేరింది.

శశికాంత్ రెండ్రోజుల గడ్డంతో చాప మీద ఉన్నాడు. సోఫాలో అంజయ్యగారు ఇంకా చెబుతూనే ఉన్నారు.

"ఊకో బిడ్డా. ఎంత ఏడ్చినా పోయినాయన మళ్ల వస్తడా?"

"మంగళవారం వస్తాడంకుల్," అన్నాడు శశికాంత్ పీలగొంతుతో.

అంజయ్యగారు నమ్రతని జాలిగా చూశారు. "పొద్దటి సంది గిదే మాట తల్లీ. దిమాగ్ మీద దెబ్బ పడ్డట్టుంది. ఏం ఫికర్ చెయ్యకు, నేను రోజూ వస్త. పదకొండోనాడు మా వాకింగోళ్లందరికీ ఈడనే భోజనం. నలభై మందిమి. వంట మొత్తం నువ్వే చేస్తవా బిడ్డా అంటె, చేస్త, గారెలు గూడ చేస్త అన్నడు!"

"ఎందుకన్నావు?" అంది నమ్రత.

"ఆయన అడిగారు," అన్నాడు శశికాంత్ నేల చూపులు చూస్తూ. "కాదనకూడదు కదా."

అతని చెయ్యి మెల్లగా బూరెల డబ్బా మీదికి పాకింది. నమ్రత డబ్బా పైకెత్తేసింది.

"తీపి ముట్టవుగా. గారెల సంగతంటావా, మంగళవారం ఎటూ వస్తున్నాడుగా మీ బాబాయి? పప్పు రుబ్బడానికి ఆయన్ని ఆగమను."