తేనెటీగ తత్వమూ బయ్యన్న తాడూ

కేబుల్ టీవీలోకి తత్వశాస్త్రం రావడం కన్నా మానవజాతికి జరగగల మేలు ఇంకొకటి లేదు. నమ్మరా? అయితే మీరు రెండువేల రెండులో నంద్యాలలో లేరన్నమాట!

అంతకు ముందటేడు శ్రావణంలో మొదలై, ఊరి కేబుల్ ఛానల్లో ప్రతి శనివారం సాయంత్రం ‘నవ్వుతూ తత్వం’ అనే ప్రోగ్రాం వచ్చేది. నడిపేది రిటైరైన ఫిలాసఫీ లెక్చరర్ జయప్రకాష్ గారు. వారానికొక జీవి స్వభావం గురించి నవ్విస్తూ చెబుతానని మొదలుపెట్టి, రెండో వారం తేనెటీగ దగ్గర ఆగారు. నలభై ఒక్క వారాలైనా అక్కణ్నుంచి కదల్లేదు. తేనెటీగకు ‘నేను’ అనే భావం ఉందా? ఆదివారమే లేని జీవికి సోమవారమంటే బెంగ ఉంటుందా? ఆయనిలా అడగడం ఆలస్యం, ముందు వరుసలో కూర్చున్న కేబుల్ ఆపరేటర్ బంధువులు విరగబడి నవ్వేవారు.

దీనివల్ల ఊరు ఎంత బాగుపడిందో చెబితే దిష్టి తగులుతుంది. ఒక ట్యుటోరియల్ కాలేజీ ఓనరు, తేనెటీగకు అలారం ఉందా అని హాస్టల్ పిల్లల్ని నాలుగింటికే లేపడం మొదలుపెట్టాడు. చాగలమర్రి బస్సులో కండక్టరు, పట్టులో ఈగలు సర్దుకోవడం లేదా అని ఇంకో ఇరవై మందిని కుక్కాడు. మా వీధి కమలాక్షమ్మ గారు తన కోడలిని టీవీ ముందు కూర్చోబెట్టి మరీ చూపించేవారు. కోడలు చూస్తూనే బియ్యంలో రాళ్లు ఏరేది. జ్ఞానం అంటే ఇది కాదూ!

అందరికన్నా ఎక్కువ బాగుపడింది ఆళ్లగడ్డ వైపు అడవిని చూసుకునే రేంజరు గారు. ‘తేనెటీగ పువ్వు దగ్గరికి ఒంటరిగా పోతుంది, ఒంటరిగా వస్తుంది’ అని ముప్పయ్యో వారంలో విన్నారు. సోమవారానికల్లా ఆర్డరు వేశారు. తేనెకు పోయే చెంచులకు ఈసారి గూడేనికి ఒక్కటే పాసు. ఈగకు అక్కర్లేని తోడు మనిషికెందుకు?

ఆ ఒక్క పాసూ బయ్యన్నకు వచ్చింది. అందరూ అదృష్టమన్నారు. బయ్యన్నకు మాత్రం ముద్ద దిగలేదు. నిలువు కొండకు వేలాడే తేనెపట్టును కోయాలంటే పైనుంచి నార తాడు మీద దిగాలి. పైన ఆ తాడు పట్టుకునేది పెళ్లాం తోడబుట్టినవాడే. సొంత అన్న ఉన్నా సరే, వాడి చేతికి ఇవ్వరు. బావమరిదైతే వదిలేస్తే తన అక్క బతుకే పోతుంది కాబట్టి, చేతులు తెగినా వదలడు. బయ్యన్న భార్య మల్లీశ్వరి. ఆమె తమ్ముడు మహేశ్. మహేశ్‌కు పాసు లేదు. తేనె దిగకపోతే వానలు పడేదాకా ఇంట్లో గింజ ఉండదు.

“చెట్టుకు కట్టుకో పో” అన్నారు రేంజరు గారు.

ఆయన వినేది జయప్రకాష్ గారి మాట ఒక్కటేనని తెలిసి, బయ్యన్న నంద్యాల బస్సెక్కాడు. తేనెటీగల మనిషి స్వయంగా వచ్చాడని జయప్రకాష్ గారు ఆనందం పట్టలేకపోయారు. పౌడరు రాసి, నలభై రెండో వారం గెస్టుగా కూర్చోబెట్టారు.

“బయ్యన్నా! తేనెటీగకు అహం ఉందంటావా?”

“అది నాకేం తెల్చు సారూ. నా బామ్మర్దికి పాసు కావల్ల. తాడు పట్టుకునేటోడు ల్యాకుండా నేను కొండ దిగేదెట్ల?”

“ఆహా! తాడు! తాడంటే బంధం!”

ముందు వరుస చప్పట్లు కొట్టింది.

“బంధం కాదు సారూ, నార తాడు. పైన వాడు పట్టుకుంటేనే కింద నేను బతికేది. రేంజరు సార్‌కు మీరొక మాట చెప్పండి.”

“పైనవాడు పట్టుకుంటేనే బతికేది! విన్నారా ప్రేక్షకులారా, ఉపనిషత్తుల సారమంతా ఒక్క ముక్కలో!”

అంతలో చీరల షాపు ప్రకటన వచ్చింది. ప్రోగ్రాం అయిపోయింది.

కానీ ఫలితం లేదనుకుంటే పొరపాటు. టీవీ ముందు రేంజరు గారి కళ్లు చెమర్చాయి. పొద్దున్నే రెండో పాసు రాసేశారు, జయప్రకాష్ గారి పేరున! కొండ మీదే షూటింగు పెట్టాలట.

ఆ విధంగా వైశాఖ మాసపు ఎండలో నల్లమల కొండ అంచున తత్వశాస్త్రం నిలబడింది. కెమెరా వచ్చింది, రేంజరు గారు గొడుగుతో వచ్చారు. మహేశ్‌ను మాత్రం కింద చెక్‌పోస్టు దగ్గరే ఆపేశారు. జయప్రకాష్ గారు తాడు కొసను రెండు చేతులా పట్టుకుని కెమెరా వైపు నవ్వారు.

బయ్యన్న నడుముకు తాడు బిగించాడు. అంచు దగ్గరికి పోయి లోయలోకి ఒకసారి చూశాడు. వెనక్కి తిరిగాడు.

“సారూ, ఒక మాట. నేను పడితే మీ ఇంట్లో ఎవురు ఏడుస్తారు?”

నలభై రెండు వారాల్లో మొదటిసారి జయప్రకాష్ గారు ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు. తమ అరచేతులు చూసుకున్నారు. తర్వాత తాడును మెల్లగా బండ మీద పెట్టారు.

“కింద ఆ పిల్లవాణ్ని పిలిపించండి” అన్నారు రేంజరు గారితో.

“పాసు లేదు కదండీ” అన్నారు రేంజరు గారు.

బయ్యన్న నడుముకున్న తాడు విప్పి చుట్టగా చుట్టుకుని కొండ దిగిపోయాడు. ఆ ఏడు ఆ పట్టును ఎవరూ కోయలేదు.

ఆ శనివారం నలభై మూడో వారం రాలేదు. దాని బదులు, ఈగ ఒంటరిగా పోతుందన్న ముప్పయ్యో వారమే మళ్లీ వేశారు. ముందు వరుస మళ్లీ నవ్వింది. రేంజరు గారు మళ్లీ శ్రద్ధగా చూశారు.