అరవై శాతం రేడియేషన్

ఆయన బట్టల షాపులో సేల్స్‌మన్. ఏళ్ళ తరబడి తగ్గింపు బోర్డుల కింద నిలబడ్డాడేమో, ఏ సంగతైనా శాతాల్లో చెబితే తప్ప ఆయన తలకెక్కదు. ఆ ఆదివారం ఆయన భార్య బిల్డింగు కింది గదిలో సొంతంగా కుట్టు దుకాణం తెరవబోతోంది. ఇన్నాళ్ళూ ఇంకొకరి దుకాణంలో కుట్టిన మనిషి. తన బోర్డు చూసుకోవాలని ఆవిడకు తెగ ఆశ. పదింటికి వస్తామని ఇరుగుపొరుగు అంతా మాటిచ్చారు.

బయట వాన జోరుగా పడుతోంది. ఆయన రోజూ చూసినట్టే ఫోన్‌లో రేడియేషన్ పేజీ తెరిచాడు. పక్కవీధి స్కూలు మేడమీది యంత్రం గంటగంటకీ ఓ అంకె చెబుతుంది. ఎప్పుడూ పాయింట్ పది దగ్గరుండేది, ఇవాళ పాయింట్ పదహారు.

"అరవై శాతం పెరిగింది," అన్నాడు.

"ఎంతమీద అరవై?" అంది భార్య, టేపు మెడలో వేసుకుంటూ.

"ఎంతమీదైతేనేం, అరవై అరవయ్యే కదా."

చేతిరుమాలు మీద అరవై శాతం తగ్గించినా జనం తొక్కిసలాడటం కళ్ళారా చూసినవాడు మరి. ఆవిడ కిందికి దిగేలోపే, రేడియేషన్ అరవై శాతం పెరిగిందనీ, కిటికీలు మూసుకోమనీ బిల్డింగు గ్రూపులో పెట్టేశాడు.

పై అంతస్తు ప్లీడరుగారు దాన్ని నీళ్ళ ట్యాంకు లెక్కలో అర్థం చేసుకున్నారు. "అరవై నిండిందట. ఇంకో నలభై వస్తే అయిపోయినట్టే," అని ఇంటింటికీ ఫోన్లు చేశారు. దాంతో తలుపులన్నీ టపటపా మూతపడ్డాయి.

పది దాటినా దుకాణంలోకి ఒక్క పిట్ట రాలేదు. ఆయన కొత్త గ్రానైటు బల్లమీద ముడుచుకుని కూర్చున్నాడు. భార్య ఖాళీ కుర్చీలు సర్దినవే సర్దుతోంది.

"ఇవాళే చెప్పాల్సొచ్చిందా మీకు?" అందావిడ నెమ్మదిగా.

తిట్టినా బాగుండేది. ఆయన మనసు చివుక్కుమంది. వెంటనే ఆ పేజీ నడిపే రేడియేషన్ కేంద్రానికి ఫోన్ చేశాడు. గాలిలో సహజంగా ఉండేదే వానతో కిందికి దిగిందనీ, వాన తగ్గాక కొన్ని గంటల్లో అంకె మామూలు అవుతుందనీ అక్కడి అధికారిణి చెప్పింది. ఆయన పొంగిపోయి ఆ ముక్క గ్రూపులో పెట్టాడు.

"పాపం, ఆయన చేత ఎవరో బలవంతంగా అనిపిస్తున్నారు," అని ప్లీడరుగారు తీర్పు చెప్పేశారు. బిల్డింగు బిల్డింగంతా కేంద్రానికి ఫోన్లు మొదలుపెట్టింది. ఎత్తలేక విసిగిపోయిన అధికారిణి చేతిమీటరు పట్టుకుని తనే వచ్చేసింది.

వీధి, మెట్లు, వరండా అన్నీ కొలిచింది. వెనకాలే జనం ఒక్కొక్కరుగా దిగారు. ప్లీడరుగారు తలకు ప్లాస్టిక్ సంచి చుట్టుకుని మరీ వచ్చారు. అంకె ఎక్కడా పెద్దగా కదల్లేదు. దుకాణంలో బల్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం కాస్త పైకి లేచింది.

"ఈ గ్రానైటు ఎవరు తెచ్చారు?"

"నేనే, ఏరికోరి తెచ్చాను," అన్నాడు బల్ల దిగకుండానే.

"కొన్ని రాళ్ళలో సహజంగానే కొంచెం ఉంటుంది. దీనివల్లా ప్రమాదం లేదు. కానీ ఈ బిల్డింగులో అన్నిటికంటే ఎక్కువ ఉన్నచోట మీరు కూర్చున్నారు."

జనం పకపకా నవ్వారు. ఆయన గభాలున దిగాడు.

"మరెప్పుడు భయపడాలమ్మా?" అన్నారు ప్లీడరుగారు, సంచి విప్పుతూ.

"వానా గీనా లేకుండా అంకె ఎన్నో రెట్లు పెరిగి, ఎంతకీ దిగకుండా, చుట్టుపక్కల యంత్రాలు కూడా అదే చూపిస్తే అప్పుడు ఆలోచించాలి. ఆ పరిస్థితే వస్తే మేమే ముందు చెబుతాం. ఒక్క అంకె చూసి తలుపులేసుకోకండి."

ఎలాగూ దిగివచ్చిన జనం దుకాణమంతా కలయజూశారు. ప్లీడరుగారి కోటు లైనింగు చిరిగి ఉంది. ఒకావిడ ఇంటికెళ్ళి కర్టెన్లు పట్టుకొచ్చింది. అధికారిణి కూడా తన రెయిన్‌కోటు చేతులు పొట్టి చేయమని ఇచ్చి వెళ్ళింది. భార్య ముఖంలో అంత సంతోషం ఆయన చాన్నాళ్ళకు చూశాడు, ఆయన ప్రాణం కుదుటపడింది.

సాయంత్రానికి వాన వెలిసింది, అంకె దిగింది. ఫోన్ జోలికి పోకూడదని ఆయన ఒట్టేసుకుంటుంటే, బట్టల గుట్ట వెనకనుంచి భార్య తల ఎత్తింది.

"ఏమండీ, మళ్ళీ వాన ఎప్పుడట?"