బరువులేని తాడు

స్వర్గం ఎక్కడుందో నాకు తెలిసిపోయింది బాబూ! పైన లేదు. మా మనవరాలు కళ్యాణి ఫిజిక్స్ హోంవర్కులో ఉంది.

కళ్యాణి పలాసలో ఇంటర్ చదువుతోంది. తాడు లెక్కలన్నీ చేసి రేపు చూపించకపోతే పరీక్షకి కూర్చోనివ్వరట. అందుకని సాయంత్రం అరుగు మీద కూర్చుని పైకి చదువుతోంది. వల బాగుచేసుకుంటూ విన్నాను. మతిపోయింది!

ఆ హోంవర్కు దేశంలో తాడుకి బరువుండదు. గిలకకి రాపిడి ఉండదు. నేల అద్దంలా ఉంటుంది. గాలి అడ్డురాదు. మనిషికి ఇంకేం కావాలండీ? అలాంటి తాడొకటి కాశీబుగ్గ పంపితే జీడిపప్పు బస్తాలు వాటంతటవే లారీ ఎక్కి కూర్చోవూ? గాలే లెక్కలోకి రాదంటే, తుఫానుకి పడిపోయిన మా ఉద్దానం కొబ్బరిచెట్లు సిగ్గుపడి లేచి నిలబడవూ?

“మూడు దిమ్మలు తాడుతో కట్టి లాగతన్నారు తాతా. తాడులో బిగువెంతో సెప్పాల.”

“ఎంతమంది లాగతన్నారే?”

“అదేటీ రాయలేదు. బలం అని రాసినారంతే.”

లోపల్నించి మా ఆవిడ బొడ్డమ్మ అందుకుంది. “తాడు పట్టినోలకి కూరకి సేపలియ్యాల కదే గుంటా! ముందు ఆటిని తీసీసి, మిగిలింది లెక్కెయ్యి.”

మా తీరంలో అది ధర్మం. పడవని ఇసుక మీదకి లాగేటప్పుడు తాడుకి చెయ్యేసిన ప్రతివాళ్ళకీ కూరకి చేపలివ్వాలి. కాబట్టి నేనూ బొడ్డమ్మ పక్షమే. కళ్యాణి నెత్తి కొట్టుకుంది.

“మీ మాట రాత్తే నాకు సున్నా యేత్తారు!”

చూశారా? లాగినవాడికి వాటా ఇవ్వనక్కర్లేదు! పడవ ఓనర్లకి ఇంతకన్నా మంచి చదువేముంటుంది?

ఈ చదువు బాగా ఒంటబట్టిన పెద్దమనుషులు ఆ మధ్య మా ఊరొచ్చారు. పడవలు లాగడానికి మోటారు పెట్టారు. ఖాళీ పడవని సిమెంటు గచ్చు మీద లాగి చూపించారు. ఎంత సాఫీగా జారిందో! చప్పట్లు, ఫొటోలు! మర్నాడు వలలతో, చేపలతో నిండిన పడవని తడి ఇసుకలో లాగబోతే తాడు పుటుక్కున తెగింది. మోటారు పొగ కక్కి పడుకుంది. కబురు పెడితే, “టెస్టులో బాగానే పనిచేసిందిగా?” అన్నారు. నిజమే! తప్పంతా ఇసుకదే. సిలబస్‌లో లేని ఇసుక ఊళ్ళో ఎందుకుండాలి?

నేనిలా మురిసిపోతూ ఉండగానే ఒడ్డు నుంచి పైడిరాజు కేకేశాడు.

“పడవొచ్చీసినాది! తాడు పట్టండర్రో!”

కళ్యాణి లేచింది. లెక్క సగంలోనే ఉంది.

“నువ్వుండు. నేనెల్తాను,” అన్నాను.

“నీ నడుం సూసుకో తాతా. ఆ పడవలో నాన్నున్నాడు.”

పుస్తకం బోర్లించి పరిగెత్తింది.

తిరిగొచ్చేసరికి చున్నీ కొంగులో వాటా చేపలున్నాయి. అరచేతులు రెండూ తోలూడి ఉన్నాయి. బొడ్డమ్మ కొబ్బరినూనె రాసింది. పెన్ను పట్టుకోబోతే వేళ్ళు ముడుచుకోలేదు.

“రేపు సారుకి ఏటి సెప్పీది తాతా?”

“ఏటుందే? రెండు సేతులూ సాపి సూపించు. ‘రాపిడి లేదన్నారు, మరిదేటి సారూ?’ అనడుగు.”

కళ్యాణి చేతుల వంక చూసుకుంది.

“అరిసేతులు సిలబస్‌లో లేవు తాతా.”