మంచం కింద ఆరు సీసాలు

ఆ సోమవారం పొద్దున అన్సెల్మ్ లారియూ వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య స్నానాల గదిలోంచి బయటికొచ్చేలోగా నేలమాళిగలోకి దిగాలి. చీటీ అంటించని సీసాలు ఆరు పైకి తేవాలి. వాటిని ఉన్ని మేజోళ్లలో దూర్చి, పెట్టె అడుగున పడుకోబెట్టి, పైన పైజమాలు కప్పి, ఏమీ ఎరగనట్టు కాఫీ ముందు కూర్చోవాలి. అరవై ఆరేళ్ల మనిషి, మోకాలు మాట వినని మనిషి, పన్నెండు నిమిషాల్లో ఇదంతా ముగించి కాఫీ చల్లారకముందే కూర్చున్నాడు. సొంత వైన్‌ని సొంత ఇంట్లో దొంగిలించాల్సి వచ్చినందుకు కాస్త సిగ్గేసింది గాని, గత్యంతరం లేదు.

ఎందుకు లేదో చెబుతాను. పెళ్లయి నలభై ఏళ్లు నిండాయని కూతురు అలీన్ వాళ్లిద్దరికీ సోన్ నది మీద పడవ ప్రయాణం బహుమతిగా ఇచ్చింది. షలోన్‌లో ఎక్కడం, లియోన్‌లో దిగడం, నాలుగు రాత్రులు. తినడం, తాగడం, ఒడ్డున ద్రాక్షతోటలు చూడడం. ఆ తోటలు బర్గండీవి. మా బోర్డో వైపు మనిషిని బర్గండీ తోటలు చూసి రమ్మనడం, వంటమనిషిని పక్కింటికి భోజనానికి పంపడం లాంటిది. వెళతాడు, తింటాడు, ఇంటికొచ్చేదాకా వంకలు పెడతాడు.

ఆ సంగతి జినెట్‌కి బాగా తెలుసు. అందుకే బయల్దేరడానికి వారం ముందే మొగుడితో పందెం వేసింది.

"పడవ దిగేదాకా నువ్వు వైన్ చేసేవాడివి కావు. ఎవరికీ పాఠాలు చెప్పకూడదు, నోట్లో పోసుకుని పుక్కిలించి ఉమ్మకూడదు. మన సీసా ఒక్కటి కూడా వెంట రాకూడదు. తప్పావో, తాళంచెవి అలీన్‌కి ఇచ్చెయ్యాలి. నిలబడ్డావా, నీకు డెబ్భై వచ్చేదాకా విశ్రాంతి మాట ఎత్తను."

ఆ తాళంచెవి నేలమాళిగది. ముప్పై ఒక్క ఏళ్లుగా తోలు తాడుతో అన్సెల్మ్ మెడలోనే ఉంది, అంతకుముందు వాళ్ల నాన్న మెడలో ఉండేది. ఏ పీపాలోది ఏ పీపాలోదానితో ఎంత కలపాలో నిర్ణయించే హక్కు అది ఎవరి మెడలో ఉంటే వాళ్లది. అలీన్‌కి ముప్పై ఎనిమిదేళ్లు. ఆ చదువే చదివింది. తొమ్మిదేళ్లుగా నాన్న కలిపినదాన్ని సీసాల్లోకి నింపుతోంది. తాళంచెవి ఇవ్వడమంటే అన్సెల్మ్‌కి ప్రాణం తీసి బల్ల మీద పెట్టడమే.

రైలు లిబూర్న్ దాటాక అన్సెల్మ్ జేబు తడుముకున్నాడు. ఓపెనర్ ఇంట్లో ఉండిపోయింది. నలభై ఏళ్లుగా అది పని ప్యాంటు కుడి జేబులో ఉండేది, జినెట్ పట్టుబట్టి కొత్త ప్యాంటు వేయించింది. పడవలో ఎవరినైనా అడిగితే, ఏ సీసా తీయడానికని అడుగుతారు. ఆరు సీసాలు మోసుకెళుతూ ఒక్క చుక్క తాగలేని బతుకైపోయిందని పారిస్‌లో రైలు మారేసరికి అర్థమైంది.

పడవ చిన్నది, ప్రయాణికులు ఎనిమిది మంది. నడిపేది ఫాబ్రిస్. ఎద్దు మెడ, మెత్తని మాట. వండేది అతని భార్య నదేజ్. మా ఆయనకి ఇనుప సామాన్ల దుకాణం ఉండేదని జినెట్ అందరికీ చెప్పేసింది. మేకుల గురించి ఎవరూ ఏమీ అడక్కుండా ఉంటే బాగుండునని అన్సెల్మ్ అనుకున్నాడు. పక్క గదిలో దిగింది వాన్ అకర్, బెల్జియంలో సర్వేయరుగా చేసి రిటైరైనవాడు. ఒక్కడే వచ్చాడు. మాట తక్కువ. చేతిలో ఎప్పుడూ నల్ల అట్ట నోటుబుక్కు, అందులో ఎప్పుడూ ఏదో రాత. మాట్లాడకుండా రాసుకునేవాళ్లని అన్సెల్మ్ జన్మలో నమ్మలేదు.

రాత్రి భోజనానికి మొగుడూ పెళ్లాలకీ వాన్ అకర్‌కీ ఒకే బల్ల. ఉల్లిపాయ సూప్ అయ్యాక నదేజ్ గాజు కూజాలో ఎర్ర వైన్ తెచ్చి పెట్టింది, చల్లగా. మాకోన్ దగ్గర మా బావమరిది తోటలోదని ఫాబ్రిస్ గర్వంగా చెప్పాడు. గ్లాసు ముక్కు దాకా రాకముందే అన్సెల్మ్ ముఖం ముడుచుకుంది. కడుపులో మంటగా ఉందని జినెట్ మంచినీళ్లు పోసుకుంది. వాన్ అకర్ ఒక గుటక తాగి, బాగుందండీ అన్నాడు.

"మీది బీరు తాగే దేశం, మిమ్మల్ని అనుకుని లాభం లేదు," అన్నాడు అన్సెల్మ్. "నేను మేకులు అమ్ముకునేవాణ్ణి, నాకు వైన్ సంగతి తెలీదు. కానీ మా వైపు దీన్ని గుర్రాల కాళ్లకి రాస్తారు."

అని ఊరుకోకుండా, గిన్నెలో మిగిలిన సూప్‌లో అర గ్లాసు వొంపి, గిన్నె ఎత్తి గటగటా తాగి, సూప్‌లోకైతే పర్వాలేదన్నాడు. అలా తాగడం మా వైపు అలవాటే గాని, అలా అనడం అలవాటు కాదు. ఫాబ్రిస్ చెవులు ఎర్రబడ్డాయి. వాన్ అకర్ నోటుబుక్కు తీసి ఏదో రాసుకున్నాడు.

మంగళవారం పొద్దున అన్సెల్మ్ మంచం కింద పెట్టె లాగి చూసుకున్నాడు. సీసాలు అయిదే ఉన్నాయి. మేజోళ్లు ఆరూ ఉన్నాయి, ఒకటి ఖాళీగా. దొంగ మేజోడు కూడా సర్దిపెట్టి పోయాడంటే పద్ధతి గల దొంగ, కొలతల మనిషి. ఇంకెవడు, ఆ సర్వేయరే. కెప్టెన్‌కి చెబుదామా అంటే జినెట్‌కి తెలిసిపోతుంది. జినెట్‌కి నడుం నొప్పి, మంచం కిందకి వంగే మనిషి కాదు, అదొక్కటే ధైర్యం. పెట్టె తోసేసి టిఫిను చేశాడు.

ఆ రాత్రి కూజా మళ్లీ వచ్చింది. ఇది చేసినవాడు క్యాబేజీలు వేసుకుంటే దేశానికి మేలు చేసినవాడవుతాడని తేల్చి చెప్పి, మూడు గ్లాసులు ఖాళీ చేశాడు. బుధవారం పొద్దున చూస్తే సీసాలు నాలుగు.

బుధవారం పడవ మాకోన్‌లో ఆగింది. అందరూ బజారుకి బయల్దేరారు. అన్సెల్మ్ మోకాలు నొప్పన్నాడు. ఆశ్చర్యంగా వాన్ అకర్ కూడా రానన్నాడు. ఇంకేం, దొరికాడనుకున్నాడు అన్సెల్మ్. జినెట్ పౌడరు డబ్బా తీసి మంచం ముందు నేలంతా పల్చగా చల్లి, పైకెళ్లి సరిగ్గా వాన్ అకర్ ఎదుట కుర్చీ వేసుకు కూర్చున్నాడు. రెండు గంటలసేపు ఒకరినొకరు చూసుకుంటూ కూర్చున్నారు. బెల్జియం మనిషి రాసుకోవడం తప్ప కదల్లేదు.

కిందికి దిగి చూస్తే సీసాలు మూడు. పౌడరులో అడుగులు స్పష్టంగా ఉన్నాయి, లోపలికి రెండు, బయటికి రెండు. బూట్లు విప్పి వచ్చిన చిన్న పాదాలు. ఆడపాదాలు. అన్సెల్మ్ తన బెల్టు ఊడదీసి ఆ పాదం పొడుగు కొలిచి, ఎక్కడిదాకా వచ్చిందో గోటితో గీత పెట్టుకున్నాడు. పడవలో మిగిలిన ఆడమనిషి ఎవరు? నదేజ్ ఒక్కతే. ఓపెనర్లు ఉండేదీ ఆవిడ దగ్గరే. అంతా అతికినట్టు సరిపోయింది.

ఆ రాత్రి కూజా వచ్చినప్పుడు అతనికి ఇంకో అనుమానం పుట్టింది.

"చూశారా ఈ రంగు?" అన్నాడు వాన్ అకర్‌తో. "ఇక్కడి ద్రాక్షకి ఈ రంగు రానే రాదు. మా వైపు సరుకు దొంగచాటుగా కలిపారు. కలిపినవాడికి కలపడం కూడా చేతకాలేదు."

మేకులవాడికి ఇంత ఎలా తెలుసని వాన్ అకర్ అడగలేదు. రాసుకున్నాడు. ఎందుకో నీళ్లు తాగుతున్న జినెట్‌కి పొలమారింది.

గురువారమంతా అన్సెల్మ్ కళ్లు నదేజ్ పాదాల మీదే. టిఫిన్ దగ్గర చెంచా పడేసి బల్ల కింద దూరాడు. మధ్యాహ్నం ఫోర్కు పడేశాడు. చేపలు వడ్డిస్తుంటే బెల్టు మీది గీతనీ ఆవిడ చెప్పునీ మార్చి మార్చి చూశాడు. భోజనం మధ్యలో బెల్టు తడుముకుంటూ తన భార్య కాళ్లకేసి చూసే ముసలాయన్ని ఫాబ్రిస్ పొద్దుటి నుంచీ గమనిస్తూనే ఉన్నాడు. బావమరిదిని మూడు రాత్రులు తిట్టించుకుని ఊరుకున్నాడు. ఇది మాత్రం మింగుడుపడలేదు.

సాయంత్రం త్రెవూ రేవులో పడవ కడుతున్నప్పుడు అన్సెల్మ్ వంటగది గుమ్మంలో నిలబడి, గొంతు తగ్గించి, నదేజ్‌ని చెప్పుల సైజు అడిగాడు. ముప్పై తొమ్మిది అందావిడ. విప్పి చూపిస్తారా అన్నాడు. వెనక నుంచి ఒక చెయ్యి అతని భుజం మీద పడింది.

"మెస్యో లారియూ, పెట్టె సర్దుకోండి," అన్నాడు ఫాబ్రిస్. "లియోన్‌కి ఇక్కణ్ణించి బస్సు ఉంది."

గొడవకి అందరూ పోగయ్యారు. జినెట్ కూడా వచ్చింది. ఫాబ్రిస్ పొద్దుటి నుంచి జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. బల్ల కింద దూరడం, బెల్టు, గుమ్మం, అన్నీ. జినెట్ చేతులు కట్టుకుని విన్నది.

"ఎందుకడిగావు అన్సెల్మ్, ఆవిడ చెప్పుల సైజు?"

అన్సెల్మ్ ముందు రెండే దారులున్నాయి. సీసాల సంగతి చెబితే పరువు దక్కుతుంది, తాళంచెవి పోతుంది. చెప్పకపోతే తాళంచెవి దక్కుతుంది. అతని చెయ్యి తనకు తెలియకుండానే చొక్కా మీంచి మెడలోని తాడు పట్టుకుంది.

"ఆవిడ పాదాలు నాకు నచ్చాయి," అన్నాడు.

నదేజ్ చేతిలోని గరిటె జారింది. ఫాబ్రిస్ మెడ ఇంకా లావైంది. జినెట్ మాత్రం మొగుడికేసి తిరిగింది. ముందు నవ్వొచ్చింది, తరువాత నిజంగానే కష్టమేసింది. ఆమె కళ్లలో నీళ్లు చూసి అన్సెల్మ్ తాడు వదిలేశాడు, కాని అప్పటికే ఆలస్యమైపోయింది. ఆమె వంటగదిలోకెళ్లి సింకు కింద నుంచి ఖాళీ సీసాలు మూడు, నిండు సీసా ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టింది. చీటీలు లేని సీసాలు.

"సోమవారం నడుం పట్టుకుని వంగి, నీ పైజమాలు తీసి బీరువాలో పెడదామని పెట్టె తెరిచాను," అంది. "లియోన్ దాకా నవ్వుకుంటూ పోయి, ఇంటికెళ్లాక చెబుదామనుకున్నా. నాది ముప్పై ఏడు, అన్సెల్మ్. నలభై ఏళ్లు నీ పక్కన నడిచిన కాలు. బజారు నుంచి జున్ను తెచ్చి నదేజ్‌కిచ్చి, అటు నుంచే గదికెళ్లాను. తాళంచెవి కోసం నువ్వు నన్ను ఇంతమందిలో నిలబెడతావనుకోలేదు."

అన్సెల్మ్ నోట వచ్చిన మొదటి మాట పశ్చాత్తాపం కాదు.

"తీసి ఏం చేశావు?"

"కూజాలో పోయించాను. మన బల్లకి మాత్రమే. రోజుకొకటి, నువ్వే తాగావు."

అబద్ధమన్నాడు అన్సెల్మ్. తన వైన్ తనకి తెలీదా అన్నాడు. నదేజ్ నాలుగో సీసా బిరడా తీసి, కూజా లేకుండా నేరుగా గ్లాసులో పోసింది. అన్సెల్మ్ వాసన చూశాడు, తాగాడు, కళ్లు మూసుకున్నాడు. గుర్రాల కాళ్లకి రాసే మందే. అదే.

అప్పుడు వాన్ అకర్ గొంతు సవరించుకున్నాడు. ఇంట్లో తన అక్క మంచం పట్టి ఉందనీ, ప్రయాణంలో ఎవరు ఏమన్నదీ పొల్లుపోకుండా రాసి తెమ్మందనీ చెప్పి, అభ్యంతరం లేకపోతే చదువుతానన్నాడు. అన్సెల్మ్‌కి అభ్యంతరం ఉంది. ఎవరూ పట్టించుకోలేదు.

"సోమవారం, మెస్యో లారియూ: గుర్రాల కాళ్లకి రాస్తారు. మంగళవారం: చేసినవాడు క్యాబేజీలు వేసుకుంటే మేలు. బుధవారం: మా వైపు సరుకు కలిపారు." పేజీ తిప్పాడు. "కలిపినవాడికి కలపడం కూడా చేతకాలేదు."

ఫాబ్రిస్ ఒక్కొక్క తిట్టూ విని, ఒక్కొక్కటీ బావమరిది లెక్కలోంచి తీసేసుకుని, చివరికి ఎంతో మర్యాదగా కుర్చీ జరిపి కూర్చోండి మెస్యో అన్నాడు. అన్సెల్మ్ కూర్చోలేదు. మెడలోంచి తోలు తాడు తీసి జినెట్ చేతిలో పెట్టాడు. తప్పైపోయిందన్నాడు. సీసాల గురించి కాదు, పాదాల గురించి అన్నాడు. నలభై ఏళ్లలో ఆ మాట అతని నోట వినడం అదే మొదటిసారి కాబట్టి, జినెట్ అతని ప్లేటులో చేప పెద్ద ముక్కే వేసింది. మర్నాడు లియోన్‌లో దిగగానే ముప్పై ఏడు సైజు చెప్పుల జత కొన్నాడు.

వసంతం వచ్చాక అలీన్ పీపాలు తెరిచింది. ఒక ఆదివారం భోజనాల దగ్గర నాన్న ముందు రెండు గ్లాసులు పెట్టింది. ఒకటి ఆయన పోయినేడు కలిపింది, ఒకటి తను మొదటిసారి కలిపింది. ఏది ఏదో చెప్పలేదు. ఏది బాగుందో చెప్పు నాన్నా అంది. అన్సెల్మ్ రెండు గ్లాసులూ అడుగంటా తాగి, మోకాలు నొప్పిగా ఉందని చెప్పి వెళ్లి పడుకున్నాడు.