పద్నాలుగో అంశం

మార్చి మొదటి మంగళవారం పొద్దున ఓరిన్ టటిల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పాలు పితకడం ముగించాలి. తొమ్మిదింటికి ఊరి సభకు వెళ్లాలి. పద్నాలుగో అంశానికి చెయ్యెత్తాలి. మధ్యాహ్నపు మేత వేళకు ఇల్లు చేరాలి.

పద్నాలుగో అంశమంటే అతని పొలానికి వెళ్లే రోడ్డు కింద ఉన్న తూము. దాని ఇనప గొట్టం అడుగు తుప్పు తినేసి ఆరేళ్లయింది. ఈసారి ఓరిన్ ఇంటింటికీ తిరిగి సంతకాలు పోగుచేసి దాన్ని సభ ముందుకు తెచ్చాడు. ఇంకో మూడు వారాల్లో మంచు పూర్తిగా కరిగి వెర్మాంట్ రాష్ట్రమంతటా బురదకాలం మొదలవుతుంది. అప్పుడు తూము కూలితే పాల లారీ రాదు. రెండు రోజులకోసారి లారీ రాకపోతే ట్యాంకులో చోటుండదు, పాలు నేలపాలే. అరవై ఆవులను ఆగమని చెప్పే చట్టం ఇంకా ఎవరూ చెయ్యలేదు.

"సభలో ఏం మాట్లాడతావు?" అని భార్య ఏవిస్ అడిగింది.

"ఏమీ మాట్లాడను."

"మంచిది. గదిలోంచి మాత్రం కదలకు. మా నాన్న సంగతి గుర్తుందిగా."

వాళ్ల నాన్న ఒకప్పుడు సభ మధ్యలో పొగ తాగడానికి బయటికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి ఊరి శ్మశానాల కమిషనర్ అయిపోయాడు. ఆ పదవి వదిలించుకోవడానికి అతనికి తొమ్మిదేళ్లు పట్టింది. చివరికి శ్మశానంలోకే చేరి వదిలించుకున్నాడు. నార్త్ పెరిన్‌లో పదవులకు ఎవరూ పోటీ చెయ్యరు. గదిలో లేనివాడే అభ్యర్థి.

దేశాన్ని కట్టినవాళ్లు తెలివైనవాళ్లు. ఎవరి చేతిలోనూ అధికారం నిలవకూడదని దాన్ని మూడు ముక్కలు చేసి, ఒకదాని కాలు ఒకటి పట్టుకు లాగేలా అమర్చారు. వాషింగ్టన్‌లో అందుకోసం పెద్ద పెద్ద భవనాలున్నాయి. నార్త్ పెరిన్‌లో అంత స్తోమత లేక, కాళ్లు లాగే కార్యక్రమమంతా ఏడాదికొకసారి, ఒకే గదిలో, మడత కుర్చీల మీద జరుగుతుంది.

రోడ్ల కమిషనర్ రాయిస్ పెల్కీ. ఇరవై రెండేళ్లుగా అతనే. తూము సంగతి మార్చిలో అడిగితే "నేల కరగనీ, చూద్దాం" అంటాడు. జూన్‌లో అడిగితే గడ్డికోతలు కానిమ్మంటాడు. అక్టోబరులో అడిగితే నేల గడ్డకడుతోంది కదా అని జాలిగా చూస్తాడు. అంత తీరిక లేని మనిషి రెండేళ్ల కిందట తన అత్తగారి ఇంటి ముందు మాత్రం నున్నగా కంకర పరిపించాడు. అది చూసి ఒళ్లు మండి ఓరిన్ జన్మలో ఒకే ఒక్క తీర్మానం పెట్టాడు. ఊరి అధికారి ఎవరూ తనకు లాభం కలిగే పనిని ఊరి తరఫున చెయ్యకూడదు, చేయించకూడదు. ఊరంతా చేతులెత్తింది. అందరికంటే ఎత్తుగా ఎత్తింది రాయిసే. అతని కంకర పని అప్పటికే అయిపోయింది.

సభ సరిగ్గా తొమ్మిదింటికి మొదలైంది. సభాధ్యక్షుడు ఎమ్మెట్ ఫెయిర్‌బ్యాంక్ నలభై ఏళ్లు బడిలో చరిత్ర చెప్పి రిటైరైనవాడు. నిబంధనల పుస్తకం తెరవకుండా తుమ్మడు కూడా. ఆ సభలో ఎవరేం చెప్పినా ఆయనకే చెప్పాలి. పక్క కుర్చీవాణ్ణి తిట్టాలన్నా ఆయన వైపు తిరిగే తిట్టాలి. అందువల్ల రెండు వందల ఏళ్లుగా ఆ ఊళ్లో సభ జరిగిన రోజున కొట్లాట జరగలేదు. మర్నాడు జరుగుతుంది.

మొదటి దెబ్బ అయిదు నిమిషాల్లోనే పడింది. పొద్దున బుర్రలు చురుగ్గా ఉంటాయి గనుక పదమూడో అంశాన్ని ముందుకు తెద్దామని ఎవరో అన్నారు. అందరూ సరేనన్నారు. అధికారుల ఎన్నిక భోజనం తర్వాతికి పోయింది.

పదమూడో అంశం దేశానికి సంబంధించినది. ఏడాదికి రెండుసార్లు గడియారాలు ముందుకీ వెనక్కీ తిప్పే ఆచారం మానుకోవాలని నార్త్ పెరిన్ ఊరు వాషింగ్టన్‌లోని చట్టసభకు, అంటే కాంగ్రెసుకు చెప్పాలి. ఊళ్లో ఓటర్లు నాలుగు వందల పదకొండు మంది. కాంగ్రెసు కాగితం కోసం కాచుక్కూర్చున్నట్టే అందరూ మాట్లాడారు. కోరదామా, డిమాండ్ చేద్దామా అన్నదానికి గంట పట్టింది. ఒకరు సవరణ పెట్టారు. సవరణకు ఇంకొకరు సవరణ పెట్టారు. దానికి కూడా పెట్టబోతే, పుస్తకం అంతవరకు ఒప్పుకోదని ఎమ్మెట్ విచారంగా చెప్పాడు.

పదిన్నరకు ఓరిన్ ఓపిక అయిపోయింది. లేచి నిలబడ్డాడు.

"అధ్యక్షా, ఆవుకి గడియారం లేదు. ఓటు పెట్టండి."

 గది నిండా చప్పట్లు మోగాయి. ఇంత లోతైన మనిషి ఇన్నాళ్లూ మన మధ్య మౌనంగా ఉన్నాడా అన్నట్టు జనం వెనక్కి తిరిగి చూశారు. టౌన్ క్లర్కు డెల్ఫీన్ కాబ్ ఆ మాటను అచ్చంగా రాసుకుంది. ఆవు వాక్యాన్ని తీర్మానంలోనే చేర్చాలని ఒకరు సవరణ పెట్టారు. దాని మీద ఇంకో నలభై నిమిషాలు నడిచింది. మేకలున్నవాళ్లు నొచ్చుకున్నారు.

భోజనాల వేళ వంటగది గోడకున్న ఫోను మోగింది. ఏవిస్. పాల లారీ వెనక చక్రం తూములో దిగిపోయింది. ఓరిన్ తలుపు దగ్గర ఒక్కసారి ఆగాడు. మామగారు గుర్తుకొచ్చాడు. అరగంటే కదా అనుకుని వెళ్లాడు.

లారీ డ్రైవరు జీల్ రోడ్డు మధ్యలో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మీ రోడ్డు నా లారీని తినేస్తోంది," అన్నాడు.

"సగమే తింది," అన్నాడు ఓరిన్.

రెండు ట్రాక్టర్లు కట్టి లాగేసరికి గంటన్నర పట్టింది. లారీ బయటపడింది. దాని చోట్లో తూము లోపలికి పడింది. ఇంకోసారి ఈ గొయ్యి చూస్తే ఇక్కడినుంచే వెనక్కి తిరుగుతానని, మళ్లీ వచ్చేది గురువారం అని జీల్ చెప్పి వెళ్లాడు.

ఇక్కడ లారీని లాగుతున్నప్పుడు అక్కడ సభలో రోడ్ల కమిషనర్ ఎన్నిక వచ్చింది. ఎప్పటిలాగే రాయిస్ పేరు చెప్పారు. ఎప్పటిలా కాకుండా రాయిస్ లేచి, ఈ ఊళ్లో తూముల గురించి తనకంటే ఎక్కువ తెలిసినవాళ్లు ఇంటింటికీ తిరిగి సంతకాలు పోగుచేస్తున్నారని, వాళ్లే చూసుకోవచ్చని చెప్పి కూర్చున్నాడు. కాస్త బతిమాలతారని అతని ఉద్దేశం. బతిమాలేలోగా వెనకనుంచి ఎవరో ఓరిన్ పేరు అన్నారు. ఆవు మాట చెప్పిన మనిషని ఇంకొకరు బలపరిచారు. గదిలో ఉన్న ప్రతివాడూ గదిలో ఉన్నందుకు సంతోషించాడు. ఇంకెవరి పేరైనా ఉందా అని ఎమ్మెట్ మూడుసార్లు అడిగాడు. పోటీ లేదు గనుక ఊరందరి తరఫునా ఒక్క ఓటు వెయ్యమని క్లర్కును ఆదేశించాడు. డెల్ఫీన్ వేసింది. ఒక్క ఓటుతో ఓరిన్ ఏకగ్రీవంగా గెలిచాడు.

మోకాళ్లదాకా బురదతో ఓరిన్ తలుపు తోసుకుని వచ్చేసరికి చప్పట్లు మోగాయి. తన లారీ కష్టం అప్పుడే ఊరికి తెలిసిపోయిందని, జనంలో ఇంకా జాలి మిగిలే ఉందని అతను అనుకున్నాడు. ఆ జాలి చల్లారకముందే మాట్లాడాలని నేరుగా ముందుకు నడిచాడు.

"అధ్యక్షా, ఈ ఊరి రోడ్ల కమిషనర్ ఒట్టి దద్దమ్మ."

గది గొల్లున నవ్వింది. డెల్ఫీన్ రాసుకుంది.

"కళ్లున్నాయి, కనబడదు. చెవులున్నాయి, వినబడదు. ఇవాళ నా లారీ పడ్డ గోతిలో వాణ్ణి పాతిపెట్టినా ఊరికి నష్టం లేదు."

"కొంచెం ఆలోచించి మాట్లాడండి," అన్నాడు ఎమ్మెట్.

"ఆరేళ్లు ఆలోచించాను. ఆ మనిషిని తక్షణం తీసెయ్యాలి."

"ఎన్నికై నలభై నిమిషాలే అయింది," అన్నాడు ఎమ్మెట్. "ఇంత తొందరగా తనమీద తనే అభియోగం మోపుకున్న అధికారి ఈ ఊరి చరిత్రలో లేడు."

సంగతి అర్థం కావడానికి ఓరిన్‌కు కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక నాకొద్దు అన్నాడు. వద్దనాలంటే ఎన్నికప్పుడు గదిలో ఉండాలి, ఆ అంశం మూసేశాం అన్నాడు ఎమ్మెట్. మూసిన అంశాన్ని తెరవమని గెలిచిన పక్షంవాళ్లెవరైనా అడగవచ్చు. గదిలో ఉన్నవాళ్లంతా గెలిచిన పక్షమే. ఒక్కరూ అడగలేదు. డెల్ఫీన్ వచ్చి అతని చేత బురద చెయ్యే ఎత్తించి ప్రమాణం చేయించింది.

సరే, ఇదీ మంచికే, ఇక తూము తన చేతిలోనే ఉంది అనుకున్నాడు ఓరిన్. పద్నాలుగో అంశం వచ్చింది. రాయిస్ మెల్లగా లేచాడు. ఇరవై రెండేళ్ల తర్వాత మామూలు పౌరుడైన మనిషి ముఖంలో ఉండే తేట అతని ముఖంలో ఉంది.

"అధ్యక్షా, రెండేళ్ల కిందట మనం ఒక నియమం చేసుకున్నాం. దాన్ని ఒకసారి చదివించండి. పెట్టినవాడి పేరు కూడా."

డెల్ఫీన్ చదివింది. పేరు కూడా చదివింది. తూము కమిషనర్ గారి పొలం దారిలో ఉంది. లాభం కమిషనర్ గారిది. ఆయన దాన్ని వెయ్యకూడదు, వేయించకూడదు. పద్నాలుగో అంశాన్ని ఈ ఏటికి పక్కన పెట్టేశారు. అయిదు గంటల సభలో దానికి పట్టింది రెండు నిమిషాలు.

"గదిలోంచి వెళ్లావా?" అంది ఏవిస్ ఇంటికి రాగానే.

"నువ్వే కదా పిలిచావు."

"లారీ కోసం పిలిచాను. పదవి కోసం కాదు."

బుధవారం పొద్దున రాయిస్ ఒక అట్టపెట్టె తెచ్చి మెట్ల మీద పెట్టి వెళ్లాడు. అందులో ఇరవై రెండేళ్ల ఫిర్యాదులున్నాయి. పైన ఉన్నవన్నీ ఓరిన్ రాసిన ఉత్తరాలే. ఒక్కటీ విప్పి చూసినట్టు లేదు. అడుగున కమిషనర్ విధుల కాగితం దొరికింది. ఓరిన్ దాన్ని ఆవుల మధ్య కూర్చుని రెండుసార్లు చదివాడు. రోడ్డు బాగుచెయ్యడానికి సవాలక్ష షరతులున్నాయి. మూసెయ్యడానికి ఒకటే. ప్రమాదం ఉందని కమిషనర్‌కు తోస్తే చాలు.

తన రోడ్డు తను మూసుకోవడం లాభమని ఏ నియమమూ అనలేదు. సాయంత్రానికి తూముకు ఇవతల అవతల రెండు చెక్క అడ్డాలు నిలిచాయి. వాటి మీద బాణం గుర్తు వేశాడు. ఆ రోడ్డుకు రెండో కొస కూడా ఉంది, ఇరుకని లారీలు ఎప్పుడూ అటు రావు. అయిదు మైళ్లు చుట్టూ తిరిగి రావాలి. అది రాయిస్ ఇంటికీ గోదాముకీ మధ్యనున్న సందులోంచి, అతని మేపుల్ చెట్ల వరస పక్కనుంచి వస్తుంది. మార్చి నెల. చక్కెర పాకం కోసం రసం పట్టే బకెట్లు ప్రతి చెట్టుకూ వేలాడుతున్నాయి.

గురువారం తెల్లవారుజామున జీల్ పాల లారీ ఆ సందులో దూరింది. లారీ అద్దం తగిలి పదకొండు బకెట్లు రాలాయి. పాలు క్షేమంగా వెళ్లాయి. తర్వాత బడి బస్సు వెళ్లింది. తర్వాత పోస్టు బండి. కొత్త కమిషనర్ ఏం మూశాడో చూద్దామని ఊళ్లో సగం మంది బళ్లేసుకుని బయల్దేరారు. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ రాయిస్ వంటింటి కిటికీలోకి చెయ్యి ఊపారు. మధ్యాహ్నానికి బకెట్ల లెక్క నలభై దాటింది. సందు బురద అతని వాకిట్లోకి నడిచొచ్చింది.

మూడింటికి రాయిస్ ఓరిన్ కొట్టానికి వచ్చాడు. చేతిలో నలిగిన బకెట్ ఉంది.

"ఆ తూము వెయ్యి, ఓరిన్."

"నేను ముట్టుకోకూడదు. నువ్వే కదా చదివించావు."

"మరి ఎవరు వేస్తారు?"

"అర్జీ పెట్టుకో. పైన పాలకమండలి పెద్దలు ముగ్గురున్నారు."

"నా రసమంతా నేలపాలవుతోందయ్యా. ఎప్పటికవుతుందో అది చెప్పు."

ఓరిన్ చాలాసేపు నేల వైపు చూశాడు. దాని పరిస్థితి నిజంగానే పరీక్షిస్తున్నట్టు చూశాడు.

"నేల కరగనీ," అన్నాడు. "చూద్దాం."

శుక్రవారం పాలకమండలి ముగ్గురూ అత్యవసరంగా కూర్చున్నారు. రాయిస్ జీవితంలో మొదటిసారి ఫిర్యాదుదార్ల బెంచీ మీద కూర్చుని తన వంతు కోసం ఎదురుచూశాడు. పౌరుడికి ఇచ్చే సమయం రెండు నిమిషాలు. అతను పదకొండు నిమిషాలు మాట్లాడాడు. ఆ తూము ఎంత ప్రమాదకరమో, దాన్ని ఆరేళ్లు నిర్లక్ష్యం చెయ్యడం ఎంత సిగ్గుచేటో వివరించాడు. ఓరిన్ ఉత్తరాల్లో కూడా అంత బాగా లేదు. పెద్దలు కదిలిపోయారు. కమిషనర్ ముట్టుకోకూడదు గనుక పని ఇంకొకరికి అప్పగించాలన్నారు. తవ్వే యంత్రం ఎవరికుంది అని అడిగారు. ఊళ్లో అది రాయిస్‌కే ఉంది. పైగా ఇప్పుడతను ఏ అధికారీ కాదు, అతన్ని ఏ నియమమూ అడ్డుకోదు. కొత్త గొట్టం నాలుగేళ్లుగా ఊరి గ్యారేజీ వెనకే పడి ఉందని రాయిసే చెప్పాడు. అందులో ఒక నక్క కాపురముంటోంది.

శనివారం రాయిస్ ఒక్కడే తవ్వి, ఒక్కడే దింపి, ఒక్కడే పూడ్చాడు. కూలి ఊసెత్తలేదు. కమిషనర్ గారు నియమం ప్రకారం వంద గజాల దూరంలో కంచె మీద కూర్చుని కాఫీ తాగారు. సాయంత్రానికి పని అయింది. ఆరేళ్లు కాని పనికి ఏడు గంటలు పట్టింది. అడ్డాలు తీసేశారు.

మర్నాడు ఆదివారం. దేశమంతా గడియారాలు గంట ముందుకు తిప్పుకుంది. ఆవులు తిప్పుకోలేదు. నార్త్ పెరిన్ అభిప్రాయం తమకెంతో విలువైనదని కాంగ్రెసు సభ్యుడి ఆఫీసు నుంచి తర్వాత అచ్చువేసిన జవాబు వచ్చింది. డెల్ఫీన్ దాన్ని అద్దం కట్టించి గోడకు పెట్టింది.

ఓరిన్ ఆ పదవి ఏడాదిపాటు మోశాడు. ఊళ్లో తక్కిన తూములన్నీ మార్పించాడు. వచ్చిన ఉత్తరాలన్నీ విప్పి చదివాడు. ఎక్కువ ఉత్తరాలు రాసింది రాయిస్.

మరుసటి మార్చి మొదటి మంగళవారం ఓరిన్ తన భోజనం డబ్బాలో తెచ్చుకుని కుర్చీలోనే తిన్నాడు. రాయిస్ మాత్రం ఎన్నిక అంశం రాబోతుండగా ఆపిల్ పై ముక్క తెచ్చుకుందామని వంటగదిలోకి వెళ్లాడు.