చెవిలో మోగితే మైల లేదు

"ఏటీ, ఎద్దు పోయిందా? మనకి ఎద్దెప్పుడుందిరా?" అని సుభద్రమ్మ వంటింట్లోంచి కేక వేసింది.

"ఎద్దు కాదమ్మా, హెడ్డుఫోను! చినబాబు హెడ్డుఫోను తెచ్చాడు!" అని ఆవిడ కొడుకు వేంకటాచలం వరండాలోంచి అంతకు రెట్టింపు కేక వేశాడు.

"పోతే పోయిందిలే. మైల ఇంట్లో అరవకండి," అని సుభద్రమ్మ ఆ ఎద్దుకి అక్కడితో శాంతి పలికి పప్పు కడగడంలో పడింది. పెరటి గుమ్మం దగ్గర పాలు పోస్తున్న కూర్మమ్మ మాత్రం లేని ఎద్దు కోసం దొడ్డంతా ఓసారి కలయజూసి, జాలిగా నిట్టూర్చి, తపేలా తనకు తగలకుండా మూరెడెత్తునుంచి పాలు వంచి వెళ్ళిపోయింది.

అరవయ్యెనిమిదిలో ఒక ఆదివారం ఉదయం సంగతి ఇది. విజయనగరంలో మూడు లాంతర్ల కూడలికి కాస్త ఎడంగా ఉన్న ఆ ఇంటికి నాలుగు రోజులుగా మైల. ఆ మైల కూడా మైళ్ళ దూరం నుంచి వచ్చింది. భావనపాడులో దాయాది జగన్నాధం కాలం చేశాడని అటునుంచి బస్సులో వచ్చిన ఎవరో చెప్పారు. ఆ జగన్నాధాన్ని వేంకటాచలం జన్మలో చూడలేదు. అయినా సుభద్రమ్మ ఇంటిల్లిపాదికీ నెత్తిన నీళ్ళు కుమ్మరించి, "పది రోజులు మైల. గుడి లేదు, తాంబూలం లేదు, రేడియో లేదు," అని తీర్పు చెప్పేసింది. వంశవృక్షం విషయంలో ఆవిడే వేరు. వేరే మాట లేదు.

గుడీ తాంబూలమూ సరే. రేడియో దగ్గరే వచ్చింది చిక్కు. వేంకటాచలం భార్య చూడామణి వీణ ఆ సాయంత్రమే విశాఖపట్నం కేంద్రం నుంచి రావాలి. కిందటి నెల వెళ్ళి వాయించి వచ్చింది. వాయించిన మనిషికే తన వాయింపు ఎలా ఉందో తెలీదు. అద్దాల గది అవతల కూర్చున్నవాళ్ళు తలలు ఊపారు, అంతే. మొగవాళ్ళు తలలు ఊపడం ఆవిడ పెళ్ళయిన దగ్గర్నుంచీ చూస్తూనే ఉంది. దానికి పెద్ద విలువ ఇవ్వదు. తన వీణని తన చేతుల్లో కాక గాల్లో, పరాయి మనిషిలా ఒక్కసారి వినాలని ఆవిడ కోరిక. ఇవాళ తప్పితే మళ్ళీ వేస్తారన్న నమ్మకం లేదు. మైలలో ఇంకొకరింటికి వెళ్ళి వినడానికీ లేదు. చూడామణి కోపమంతా చారుకెక్కింది. మూడు రోజులుగా చారులో ఉప్పు వెయ్యడం లేదు.

చారు చప్పబడ్డాక వేంకటాచలానికి ధైర్యం చిక్కబడింది. చెవులకి తగిలించుకుంటే పక్కవాడికి కూడా వినబడని సాధనం ఒకటి తెప్పిస్తానని తల్లి దగ్గర విన్నపం పెట్టుకున్నాడు. సుభద్రమ్మ చాలాసేపు ఆలోచించింది.

"ఇంట్లో మోగితే తప్పు. వీధిలో వినబడితే అప్రతిష్ట. చెవిలో మోగితే..." అని ఆగి, "చెవి కడుక్కుంటే పోతాది," అని ధర్మసూక్ష్మం తేల్చింది. "కానీ ఓ చెవిడిప్ప నాకియ్యాలి. నా కోడలు వాయించింది నేను వినకపోతే, రేపు నలుగురూ అడిగితే ఏటి చెప్పను?"

అందుకే చూడామణి తమ్ముడు చినబాబు ఆ ఉదయం దిగాడు. కొత్తవలస స్టేషన్లో సిగ్నళ్ళ దగ్గర ఉద్యోగం. వైరు కనబడితే వైరం పెట్టుకునే మనిషి. బావమర్ది అన్న పేరులోనే మర్దన ఉంది కదా అన్నట్టు, అతని చేతిలో పడిన వస్తువేదీ మర్దన కాకుండా బయటపడలేదు. ఎప్పుడో మిలటరీవాళ్ళు పారేసిన పాత సామానులో కొన్నాడట ఆ హెడ్‌ఫోను. నల్లటి డిప్పలు రెండు, నడుమ ఇనప బద్ద.

చినబాబు రేడియో వెనకచెక్క ఊడదీసి, లోపలి స్పీకరుకి వెళ్ళే తీగెలు రెండూ పుటుక్కున కత్తిరించి, వాటిని హెడ్‌ఫోనుకి తగిలించాడు. చూడామణి తలకి పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

"చప్పుడు ఉందే?" అన్నాడు తమ్ముడు.

"ఉంది. పక్కింట్లో చీమ దగ్గినట్టుంది."

అసలే వినికిడి అంతంతమాత్రమైన సుభద్రమ్మ పెట్టుకుని చూసింది. "నాకేటీ లేదు. చెవులు నొక్కుకుపోతన్నాయి, అంతే. ఇది నే వినకుండా మీరిద్దరూ వింటే కుదరదు. తీసీండి రేడియో."

చూడామణి లోపలికి వెళ్ళి ఉప్పు జాడీ పై అటక మీద పెట్టేసింది. "ఒరే చినబాబూ, సాయంత్రానికి దీన్ని గట్టిగా పలికించకపోతే పోయేది నీ పేరు కాదురా, నా కూడు," అన్నాడు వేంకటాచలం.

"కంగారు పడకు బావా. రిపేరులోనే ఉంది పేరు," అని చినబాబు చొక్కా విప్పేశాడు.

మొదట డిప్పలు విప్పి దుమ్ము ఊదాడు. దుమ్ము పోయింది, దమ్ము రాలేదు. లోపలి రేకు అయస్కాంతానికి దూరంగా ఉందని, మధ్యనున్న అట్ట తీసేసి రేకుని దగ్గరికి జరిపాడు. అది అయస్కాంతానికి కొత్తకోడలు పుట్టింటిని పట్టుకున్నట్టు అతుక్కుపోయి, ఆ చీమదగ్గు కూడా మానేసింది. దాన్ని చాకుతో ఊడబెరికితే వంకరపోయింది. పౌడరు డబ్బా మూత కత్తిరించి కొత్త రేకు వేశాడు. హెడ్‌ఫోను గుప్పుమని వాసన వేసింది గాని గుక్కెడు ధ్వని చెయ్యలేదు.

"అసలు జబ్బు ఇప్పుడు తెలిసింది బావా. దీని అయస్కాంతం ముసలిదైపోయింది. ఇంకో పెద్ద అయస్కాంతం పెట్టి రాస్తే సత్తువ వస్తాది."

"పెద్ద అయస్కాంతం ఎక్కడుందిరా?"

చినబాబు రేడియో వైపు చూశాడు. అందులోని స్పీకరు వెనక ఉంది. సుత్తితో నాలుగు దెబ్బలు పడ్డాయి. అయస్కాంతం 'అయ్యో' అనకుండానే ఊడివచ్చింది. ఇంకెప్పుడూ పలకలేని స్పీకరు చిరిగిన గొడుగులా ఓ మూల పడింది.

నిజం చెప్పుకోవాలి, ఆ వైద్యం కొంత పనిచేసింది. వేంకటాచలం వరండాలో కుర్చీలో కూర్చుని, తలకి బద్ద బిగించుకుని, కళ్ళు మూసుకుని పరీక్షకి దిగాడు. చెవులు మూసుకుపోయినవాడికి తన గొంతు తనకి వినబడదు. మెల్లగా మాట్లాడుతున్నాననుకుంటూ వీధి దద్దరిల్లేలా అరిచాడు.

"పెంచు! ఇంకా పెంచరా! నాకేమీ అనిపించటం లేదు! ఆఁ... ఇప్పుడు తగుల్తోంది! హాయిగా ఉంది! ఇంకా పెంచు!"

సరిగ్గా అప్పుడే కూర్మమ్మ గుమ్మం ముందునుంచి వెళుతోంది. ఆమెకి కనబడింది ఇది. వెంకటాసలం గోరి తలకి ఇనప బద్ద. బద్దనుంచి పెట్టెకి తీగెలు. పెట్టెకి కరెంటు. చొక్కా లేని బావమరిది చెమటలు కక్కుతూ మర తిప్పుతున్నాడు. కూర్మమ్మ పాలచెంబు చంకన పెట్టుకుని పరుగు తీసింది.

"వెంకటాసలం గోరికి మతి పోనాదర్రా! ఉదయం నించీ లేని ఎద్దు కోసం ఏడిసినాడు. ఇప్పుడు బావమరిది తలకాయికి కరెంటు ఎడతన్నాడు. ఈయనింకా ఎట్టమంతన్నాడు!"

"ఎందుకొచ్చినాదే?" అన్నాడు ఎదురింటి అసిరయ్య.

"భావనపాడు బంధువు పోనాడు గదా. ఆ బెంగ!"

సాయంత్రం దీపాలవేళకి సగం వీధి ఆ వరండా కింద నిలబడి ఉంది. మైల కాబట్టి ఎవరూ మెట్టెక్కలేదు. ఒకావిడ నిమ్మకాయలు తెచ్చింది. అసిరయ్య మోకు తెచ్చాడు, కట్టెయ్యాల్సిన అవసరం పడుతుందేమోనని.

సుభద్రమ్మ బయటికి వచ్చి గతుక్కుమంది. మైల ఇంట్లో రేడియో పెట్టామని ఎలా చెబుతుంది? "ఏటీ లేదమ్మా. వాడి తలకి చిన్న వైద్యం. సర్దుకుంటాది," అంది.

జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అనుమానం ఉన్న నలుగురికీ అది కాస్తా తీరిపోయింది. అప్పుడే వేంకటాచలం, తలమీది బద్ద తియ్యకుండానే, తెగిన తీగె తోకలా ఈడ్చుకుంటూ వచ్చి, "ఎందుకొచ్చారర్రా ఇంతమందీ? నేను సుఖంగా ఉన్నాను!" అని రంకె వేశాడు. అసిరయ్య మోకు సర్దుకున్నాడు.

"తప్పుకోండి, తప్పుకోండి," అంటూ గుంపుని తోసుకుని ఒక పెద్దమనిషి వచ్చాడు. చంకలో కొత్త ఇత్తడి బిందె. కళ్ళనిండా నీళ్ళు. వచ్చీ రావడంతోనే వేంకటాచలాన్ని గట్టిగా కావలించుకున్నాడు. బిందె ఇద్దరి మధ్యా నలిగింది.

"తమ్ముడూ! నేను నారాయణమూర్తిని, భావనపాడు జగన్నాధం తమ్ముణ్ణి. పన్నెండో రోజు దానాలకి బజార్లో బిందె కొంటుంటే చెప్పారు. మా అన్నకోసం నీకు మతి చలించిందటగా! కన్నకొడుకే నిబ్బరంగా ఉన్నాడు కదరా! నువ్వెప్పుడూ చూడనైనా చూడలేదే ఆయన్ని!"

"మతికేం కాలేదు, మైలతోనే వచ్చింది మొత్తం," అని వేంకటాచలం బద్ద తీసి, మొహమాటం చంపుకుని, మైల దగ్గర్నుంచి మర్దన దాకా అంతా చెప్పేశాడు.

నారాయణమూర్తి ఏడుపు ఆపి తెల్లబోయాడు. "మైలేటి? మీకు మైలేటి? అన్నయ్య ఏడో ఏట మా మేనమామకి దత్తతకి వెళ్ళిపోయాడు కదా! గోత్రమే మారిపోయింది. తోడబుట్టిన నాకే మూడు రోజులతో సరి. మీరు తలమీద చెంబుడు నీళ్ళు పోసుకుంటే చాలు. సుభద్ర పిన్నీ, ఆ దత్తత భోజనాలకి నువ్వూ వచ్చావు. కొత్త కోడలివి. బూరెలు బాగున్నాయని మళ్ళీ మళ్ళీ అడిగి వేయించుకున్నావని మా అమ్మ చెప్పుకునేది."

వీధి వీధంతా సుభద్రమ్మ వైపు తిరిగింది. ఆవిడ చాలాసేపు గుర్తుచేసుకుంది.

"బూరెలు గుర్తున్నాయి నాయినా," అంది చివరికి. "ఎందుకు పెట్టారో గుర్తులేదు."

"అయితే మైల లేదు!" అని చూడామణి పెళ్ళయ్యాక మొట్టమొదటిసారి అత్తగారి ఎదట గొంతు పెంచింది. "ఒరే, రేడియో పెట్టరా! టైమయిపోయింది!"

చినబాబు కదల్లేదు. మూలనున్న చిరిగిన గొడుగువైపు చూశాడు. అందరూ అటే చూశారు. పలకొచ్చు అన్నప్పుడు పలకడానికి ఇంట్లో పలికేది లేదు. చినబాబు తెగిన తీగెనే గబగబా అతికించాడు. లోపల పౌడరు డబ్బా వేసిన ఆ నల్లడిప్పల్లో, ఎక్కడో దూరంగా, ఆవిడ పేరు చదువుతున్నారు.

చిత్రమేమిటంటే, దాన్ని పట్టించుకున్నది నారాయణమూర్తి. కొత్త బిందెని వరండా మధ్యలో పెట్టి, "అందులో దింపండమ్మా దాన్ని. ఉప్పు పండించే కొఠార్ల దగ్గర మా పిల్లలు బిందెలో మొహం పెట్టి అరుస్తూంటారు. పామరుడు కూడా గంధర్వుడైపోతాడు," అన్నాడు.

"అది దానం బిందె కదా బాబూ," అంది సుభద్రమ్మ.

"మా అన్నకి పాటంటే ప్రాణం పిన్నీ. ఏమీ అనుకోడు."

చినబాబు హెడ్‌ఫోనుని బిందెలోకి దించాడు. ఒక్క క్షణం ఏమీ లేదు. తరవాత ఇత్తడి గొంతులోంచి వీణ లేచింది. పెద్దగా కాదు. వరండాకి సరిపోయేంత. జనం మైల లేదన్న ధైర్యంతో మెట్లెక్కి బిందె చుట్టూ కూర్చున్నారు. కూర్మమ్మ పిల్లల నోళ్ళు మూసింది. అసిరయ్య మోకు చుట్ట మీద కూర్చుని తల ఊపడం మొదలుపెట్టాడు. చూడామణి బిందె మీదికి వంగి, పెదవి కొరుకుతూ వింటోంది.

"అక్కడ తొందరపడ్డాను," అని గొణిగింది.

బిందె అంచుకి చెవి ఆనించిన సుభద్రమ్మ తలెత్తకుండానే అంది: "ఏటీ తొందరపళ్ళేదు. నోరు మూసుకుని విను. ఎంత బాగా వాయిస్తన్నాదో మా కోడలు."

చూడామణి నోరు మూసుకుని విన్నది. ఆ మాట ముందు విన్నదో, వీణ ముందు విన్నదో, ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

కచేరీ అయ్యాక సుభద్రమ్మ వరండా అంచున నిలబడి, వీధికంతటికీ స్వయంగా సంజాయిషీ చెప్పింది. జగన్నాధం దత్తత సంగతి చెప్పింది. లేని మైలని తానే తలకెత్తుకున్నానంది. తన కొడుకు తలకి పెట్టింది కరెంటు కాదనీ, కోడలి వీణేననీ చెప్పింది. ఎద్దు అసలు లేనే లేదని కూర్మమ్మకి విడిగా చెప్పింది. అందరూ సావధానంగా విని, వేంకటాచలానికి పిచ్చి లేదని ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు.

చినబాబు గురించి మాత్రం ఎవరూ ఏమీ తేల్చలేదు.