తొమ్మిదో సిఫారసు

గువ్వలపేట పట్టణంలో నీటి పంపిణీకి సంబంధించి పక్షపాతం అనే దురాచారం ఈ వేసవితో అంతరించింది. ఏ ఇంటికి ముందు ట్యాంకరు వెళ్ళాలో ఇకపై మనుషులు నిర్ణయించరు, కంప్యూటరు నిర్ణయిస్తుంది. "పక్షపాతం చూపడంలో సిబ్బంది పడుతున్న శ్రమను తగ్గించడమే ఈ పథకం ఉద్దేశం" అని ఛైర్మన్ ఓబుళేశు ప్రారంభ సభలో సెలవిచ్చారు. మాట తడబడిందేమోనని కొందరు అనుకున్నారు గానీ, ఆయన కాగితం చూసే చదివారు.

బద్వేలుకు అవతల ఉండే ఆ ఊళ్ళో కుళాయి అనేది గోడకు అందం. నీళ్ళు ట్యాంకరులో వస్తాయి. కొత్త పథకానికి సాఫ్ట్‌వేరు రాసింది కడపలో భూపేష్ నడిపే చిన్న కంపెనీ. అందులో లెక్కల భాగం రాసిన అమ్మాయి మహిమ. ఆమెది గువ్వలపేటే. ఊరి చివర, చర్చి వెనక కాలనీలో ఆమె తల్లి కృపమణి ఉంటుంది. ఆ కాలనీకి ట్యాంకరు రాదని చెప్పడం అన్యాయం. రోజూ వచ్చేది. బండి వెనక్కి తిప్పుకోవడానికి ఊరు మొత్తంలో అక్కడే కాస్త వెడల్పు స్థలం ఉంది.

నిబంధన చాలా సులువు. ప్రతి ఇంటికీ పుట్టుకతో నాలుగు మార్కులు. ఒక పెద్దమనిషి సిఫారసు చేస్తే అవి పదింతలవుతాయి. ఇంకొకరు చేస్తే మళ్ళీ పదింతలు. మార్కులు ఎక్కువున్న ఇంటికి ముందు నీళ్ళు, తర్వాతివాళ్ళకు మిగిలితే.

"గుణించేదెందుకు సార్, కూడితే చాలదా?" అని మహిమ మొదట్లోనే అడిగింది.

"కూడితే పెద్దాయనకూ చిన్నాయనకూ తేడా ఏముంటాది మహిమా? మర్యాదను గుణించాల్సిందే" అన్నాడు భూపేష్.

సిఫారసు చేయదగిన పెద్దలు తొలుత ముగ్గురే. ప్రారంభానికి ముందురోజు, అలిగినవాళ్ళందరినీ చేర్చగా తొమ్మిదిమంది అయ్యారు. ఇప్పటి ఛైర్మను, మాజీ ఛైర్మను, కాబోయే ఛైర్మను, కాలేకపోయిన ఛైర్మను, ఆ వరుసలో మిగతావాళ్ళు.

ముగ్గురు తొమ్మిదిమంది కాగానే మహిమకు అనుమానం వచ్చింది. కంప్యూటరులో ఒక అంకెకు ఇచ్చే చోటు మన గాదె లాంటిదే, దానికీ ఒక కొలత ఉంటుంది. ఆమె వాడిన చోటులో సుమారు రెండువందల పద్నాలుగు కోట్ల దాకా పడుతుంది. అంతకు మించితే అంకె తలకిందులై మైనస్‌లోకి దిగిపోవచ్చు. కంప్యూటరు ఆ సంగతి ఎవరికీ చెప్పదు, సరైన జవాబు దొరికినట్టే ధీమాగా ముందుకు సాగుతుంది. దీన్ని పట్టుకోవడానికి, మనిషి రాసిన ప్రోగ్రామును యంత్రం భాషలోకి మార్చే కంపైలరులోనే శానిటైజరు అనే తనిఖీ ఉంది. అలా మార్చేటప్పుడు, అంటే బిల్డు చేసేటప్పుడు, అది కావాలని అడిగితే చాలు, ప్రతి గుణకారం పక్కనా ఒక కాపలాను నిలబెడుతుంది. లెక్క చోటు దాటిన క్షణాన ఫలానా వరుసలో తప్పు జరిగిందని ఆ కాపలా చెబుతుంది.

"ఒక్కసారి తనిఖీ పెట్టి చూస్తాను సార్" అంది మహిమ.

"పొద్దున్నే ముహూర్తం ఉండాది. తనిఖీ పెడితే బిల్డు నిదానమైతాది. కంపైలరే ఒప్పుకున్నెంక, మనమేంది మళ్ళా ఒప్పుకోకుండేది?"

ముహూర్తం దాటలేదు. అలాగే పంపారు.

గువ్వలపేటలో ఒకటి రెండు సిఫారసులతో తృప్తిపడే అలవాటు లేదు. ఎదురింటాయనకు ఎనిమిది ఉన్నాయని తెలిసినవాడికి ఎనిమిదితో ముద్ద దిగదు. వారం తిరగకుండానే ఊరంతా తొమ్మిది సిఫారసులూ సంపాదించుకుంది. పెద్దలు ఒకరికొకరు చేసుకున్నారు, తమకు తాము కూడా చేసుకున్నారు. నాలుగు మార్కులతో మిగిలింది చర్చి వెనక కాలనీ ఒక్కటే. వాళ్ళకు సిఫారసు చేస్తామని ఎవరూ అనలేదు, చేయమని వాళ్ళూ అడగలేదు.

మర్నాడు ట్యాంకరు కాలనీకి వచ్చి, వెనక్కి తిప్పుకోకుండా ఆగింది. డ్రైవరు ఫోన్ చూసుకుని, కాలనీ పేరు చూసుకుని, మళ్ళీ ఫోన్ చూసుకుని పైపు దించాడు. సాయంత్రం ఇంకో ట్యాంకరు వచ్చింది. కొద్దిరోజుల్లో బిందెలు, డ్రమ్ములు, తొట్లు నిండి, నీళ్ళు ఎక్కడ పట్టాలో తెలియక కాలనీవాళ్ళు మేకలకు స్నానాలు చేయించారు. ఆ మేకలు కొంతకాలం ఒకదాన్నొకటి గుర్తుపట్టలేదు.

ఛైర్మన్ గారింట్లో మాత్రం తొట్టి అడుగు కనిపించింది. ఆయన కొనుక్కొచ్చిన మంచినీళ్ళ క్యాన్లతో స్నానం చేసి, పథకం దిగ్విజయంగా నడుస్తోందని పత్రికలకు ప్రకటన ఇచ్చారు. ఆ తర్వాత తన కారు డ్రైవరు చేతికి బిందెలిచ్చి కాలనీకి పంపారు.

కాలనీలో మేస్త్రీ పని చేసే దాసన్న అతన్ని వీధి మొదట్లోనే ఆపాడు.

"ఏమప్పా, సిఫారసు తెచ్చినావా?"

"నీళ్ళకొస్తే సిఫారసేంది దాసన్నా?"

"అట్లంటావా? ఆ మాట మీ అయ్యగారికి చెప్పు, శానా సంతోషపడతాడు. దా, పట్టుకో. మూత ఉండాదా? లేకుంటే దావంతా ఒలకబోస్తావు."

అయితే ఊరు దీన్ని తమాషాగా తీసుకోలేదు. తొమ్మిదిమంది పెద్దలను మించి కాలనీకి నీళ్ళొస్తున్నాయంటే, వాళ్ళ వెనక పదో మనిషి ఎవరో ఉన్నాడని తేలిపోయింది. హైదరాబాదని కొందరు, ఢిల్లీ అని కొందరు అన్నారు. నమస్కారం పెడితే చూడనివాళ్ళు కాలనీవాళ్ళకు ఎదురెళ్ళి నమస్కారాలు పెట్టారు. కాంట్రాక్టరు పెద్ద ఈరన్న పండ్లతో కృపమణి ఇంటికే వచ్చాడు.

"మాది గూడా ఒక మాట చెప్పక్కా" అన్నాడు.

"నాకెవరు తెలుసప్పా చెప్పేదానికి?"

నిజంగా పెద్ద అండ ఉన్నవాళ్ళు ఇట్లాగే మాట్లాడతారని ఈరన్న తల పంకించి, పండ్లు పెట్టేసి పోయాడు.

చివరకు ఛైర్మన్ గారి కోపం కడప చేరింది. భూపేష్ మహిమను పిలిచి, ప్రోగ్రాములో ఏం జరుగుతోందో చూడమన్నాడు. ఆమె తనిఖీ పెట్టి బిల్డు చేసి, ఛైర్మన్ గారింటి మార్కులను నడిపించింది. కాపలా వెంటనే పలికింది: నలభై కోట్లను పదితో గుణిస్తే వచ్చేది ఈ చోటులో పట్టదు.

అదీ సంగతి. ఎనిమిది సిఫారసుల దాకా ఛైర్మన్ గారు నలభై కోట్ల మనిషి. తొమ్మిదోది పడగానే నాలుగువందల కోట్లు కావలసినవారు మైనస్ ఇరవైతొమ్మిది కోట్లకు దిగిపోయారు. నాలుగు మార్కుల కృపమణి ఆయనకంటే ఎంతో ఎత్తున ఉంది.

తనిఖీ కావాలని మొదట్లోనే అడిగింది మహిమే. ఇప్పుడది నిజమని తేలింది. అంతటి విజయం సాధించిన మనిషి రెండు రోజులు "ఇంకా చూస్తాండా సార్" అని చెబుతూ కూర్చుంది. తర్వాత ఇంటికి ఫోన్ చేసింది.

"అమ్మా, నీళ్ళు వస్తాండాయా?"

"వస్తాండాయి పాపా. దుప్పట్లన్నీ ఉతికేసినా. ఏం, నువ్వు గూడా అడుగుతాండావు? ఇన్నేండ్లు రాకపోతే ఎందుకు రాల్యా అని ఒకరూ అడగల్యా. నాలుగు దినాలు వస్తే, ఎట్ల వస్తాండాయని ఊరంతా అడుగుతాండాది."

తప్పు కనిపించాక కనిపించలేదని చెప్పడం మహిమకు చేతకాదు. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినప్పుడు ఈ లోపాన్ని ఆమె తెలియజేయలేదు. మర్నాడు భూపేష్‌తో కలిసి పురపాలక కార్యాలయానికి వెళ్ళి, తప్పులు రెండున్నాయని చెప్పింది. ఒకటి, అంకె చోటు దాటడం. రెండు, ఆ నిబంధన. సిఫారసు లేనివాళ్ళకు లెక్క సరిగ్గా నడిచినన్నాళ్ళూ నీళ్ళు రావు.

"ఆ రెండోది గూడా కంప్యూటరే తప్పంటాందా?" అని ఓబుళేశు అడిగారు.

"లేదు సార్. అంకె చోటులో పట్టిందా లేదా అన్నదే అది చూస్తాది."

"మరి అంత తెలివిగల్లదే తప్పనలేదే, నువ్వెట్లంటావమ్మా?"

భూపేష్ మహిమ వైపు చూడకుండా, రెండోది తప్పు కాదనీ, ఒప్పందంలోని అంశమనీ వివరించాడు. ఛైర్మన్ గారు లేచి, ఉన్న నలుగురినీ మహాసభగా భావించి ప్రసంగించారు. "లెక్క ఎవరు తప్పినా సహించేది లేదు. నాలుగువందల కోట్ల మర్యాద ఉన్న ఇంటిని మైనస్‌లో నిలబెట్టడం అంటే, అది గణితశాస్త్రానికే అవమానం. శాస్త్రాన్ని కాపాడుకుందాం." అందరూ చప్పట్లు కొట్టారు. గణితం తరఫున అంతమంది చప్పట్లు కొట్టడం ఆ ఊళ్ళో అదే మొదలు.

మహిమ ఆ అంకెకిచ్చిన చోటును పెద్దది చేసింది. మార్పు ఒక్క మాటే. తనిఖీ పెట్టి మళ్ళీ బిల్డు చేసి, ఊరు మొత్తాన్ని నడిపించింది. ఈసారి కాపలా ఏమీ అనలేదు. ఏమీ అనకపోతే అంతా సక్రమమని దాని లెక్క. మన లెక్కా అదే కదా.

కంపెనీకి బిల్లు మంజూరైంది. మహిమకు ఛైర్మన్ గారు శాలువా కప్పారు. తనకు కప్పిన పాత శాలువాలను మర్నాడే ఉతికించే వీలు ఆయనింట్లో కలిగింది. పెద్ద ఈరన్న ఎదురైన దాసన్నను గుర్తుపట్టడం మానేశాడు. కాలనీ దాకా వచ్చిన ట్యాంకరు వెనక్కి తిప్పుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం కృపమణి ఫోన్ చేసింది.

"పాపా, పొద్దున్నుంచి నీళ్ళు రాల్యా. మీ కంప్యూటరు యాడన్నా చెడిపోయిందేమో ఒకపారి చూడరాదా?"

"చెడిపోలేదుమా" అంది మహిమ. "బాగుచేసినాము."